రెండుసార్లు కాలిన మోటరు

బుచ్చమ్మ ఎవరి మాటా ఒక్కసారికి నమ్మే మనిషి కాదు. సంతలో తరాజు ముల్లు ఆగేదాకా దాని మీదినుంచి చూపు తిప్పదు. కూలివాళ్ళు వంకాయలు తెంపుతుంటే సాళ్ళ మధ్య తిరుగుతూనే ఉంటుంది. నానక్‌రామ్‌గూడలో ఆమెను గయ్యాళి అన్నవాళ్ళు ఉన్నారు. అయితే ఆ అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు.

తెల్లాపూర్ నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె నవ్వుతూ తిరిగే పిల్లే. పెనిమిటి రామన్న విషజ్వరంతో పోయాక చేను ఆమె చేతికి వచ్చింది. పక్క చేనివాళ్ళు ఏటా దుక్కి దున్నేటప్పుడు గట్టును ఒక చాలు మేర ఇవతలికి జరుపుతూ వచ్చారు. మొదటి ఏడు ఆమెకు తెలియలేదు. రెండో ఏడు తన కళ్ళే మోసం చేస్తున్నాయనుకుంది. మూడో ఏడు గట్టు మీది తంగేడు చెట్టు అవతలి చేలో కనిపించింది. ఆ రోజు గట్టు మీద కూర్చుని ఏడ్చి, లేచి, ఊళ్ళో పెద్దమనుషులను పిలిచి కొలిపించింది. అప్పటినుంచి ఆమె చూపు మారిపోయింది.

నమ్మకం మిగిలింది ఒక్క మరిది పెంటయ్య మీదే. రామన్నకు తమ్ముడు. అతని వంతుకు వచ్చిన భూమి గుట్ట పక్కన ఉంది, అంతా రాళ్ళు. పండించడానికి ఏమీ లేదు కాబట్టి వదిన పనుల్లో సాయంగా ఉండేవాడు. నాగలి కట్టడం, సంచులు బండికెత్తడం అతని పని. మధ్యాహ్నం అన్నం వదిన ఇంట్లోనే.

డెబ్భైల మొదట్లో ఆ వైపు చేలకు కరెంటు వచ్చింది. బుచ్చమ్మ ఎడ్లతో మోట కొట్టడం మానేసి, బావి మీద అయిదు గుర్రాల బలమున్న మోటరు పెట్టించింది. ముందు రెండేళ్ళు అది చెప్పినట్టు నడిచింది. వంగ, టమాటా, కొత్తిమీర కళకళలాడాయి.

మూడో ఎండాకాలంలో ఒకరోజు మడికి నీళ్ళు పారుతుండగా ఘాటైన వాసన వచ్చింది. బుచ్చమ్మ పరుగెత్తేసరికి మోటరు కొట్టులోంచి పొగ. మోటరు కాలిపోయింది.

గచ్చిబౌలి దారి మలుపులో మొగిలి దుకాణం ఉండేది. అతను పట్నంలోని ఆజమాబాదులో ఏళ్ళ తరబడి మోటరు వైండింగు పని నేర్చుకుని వచ్చి, చుట్టుపక్కల ఊళ్ళకు తనే దిక్కయ్యాడు. మాట తక్కువ మనిషి. కాలిన తీగ తీసేసి, కొత్త రాగితీగ చుట్టి, వార్నీషు పూసి, బండి మీద తెచ్చి బిగించాడు. వెళ్ళేముందు ఒక్క మాట చెప్పాడు.

“ఓల్టేజీ తక్కువొస్తున్నట్టున్నది బుచ్చమ్మక్కా. జర చూసి నడుపు.”

“రెండేండ్లు మంచిగొచ్చి ఇప్పుడెందుకు తక్కువొస్తది?”

మొగిలి తెలియదన్నట్టు తల ఊపాడు. పని చేసినవాడు తన పనికి ముందే సాకు వెతుక్కుంటున్నాడని బుచ్చమ్మకు అనిపించింది.

నెల తిరగకముందే మోటరు మళ్ళీ కాలింది. మొగిలి మళ్ళీ చుట్టాడు. మళ్ళీ ఓల్టేజీ అన్నాడు. ఈసారి బుచ్చమ్మ అతని ముఖంలోకి చూసింది. మొగిలి చూపు తిప్పుకున్నాడు.

ఆ మధ్యాహ్నం పెంటయ్య అన్నం తింటూ గొంతు తగ్గించి అన్నాడు.

“వదినా, చెప్తె బాగుండదని చెప్పలే. మొన్న లింగంపల్లిల మొగిలి పాత సామాన్ల దుకాణంల రాగి అమ్ముతుంటే నా కండ్లతోని చూసిన. సంచెడు రాగి.”

“ఎక్కడి రాగి?”

“నేనేం చెప్పాలె? నీ మోటరు రెండుసార్లు విప్పిండు. మంచి తీగ తీసుకున్నడో, సన్నతీగ చుట్టిండో, ఆయనకే తెల్వాలె. నేనన్ననని మాత్రం అనకు.”

బుచ్చమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. కాలిన తీగ మొగిలే ఉంచుకుంటాడని, ఆ మేరకు కూలి తగ్గించుకుంటాడని ఆమెకు తెలుసు. అది అందరూ ఎరిగిన పద్ధతే. కానీ ఇప్పుడు ఆ పద్ధతి కూడా వేరేగా కనిపించింది. కాలిన తీగ పేరు చెప్పి మంచి తీగ దాచుకోవడం ఎంతసేపు? అతను చూపు తిప్పుకోవడం గుర్తొచ్చింది. తను దుకాణానికి వెళ్ళినప్పుడు అతని భార్య కిష్టమ్మ లోపలికి తప్పుకోవడం గుర్తొచ్చింది. కిష్టమ్మ ఎవరొచ్చినా లోపలికి తప్పుకునే మనిషేనన్న సంగతి మాత్రం ఆ రోజు గుర్తుకు రాలేదు.

సాయంత్రం మోటరు నడుస్తుండగా వెళ్ళి దాని ఒంటి మీద చెయ్యి వేసింది. నిలవనివ్వలేదు, అంత వేడి. మోటరు ఆపేసింది. మర్నాడు కూడా పెట్టలేదు. టమాటా ఆకులు ముడుచుకోవడం మొదలుపెట్టాయి. వాటిని చూసేసరికి ఒళ్ళు మండి నేరుగా మొగిలి దుకాణానికి నడిచింది.

దుకాణం ముందు చాయ తాగుతూ నలుగురైదుగురు రైతులు కూర్చుని ఉన్నారు. బుచ్చమ్మ దారి మీదే నిలబడింది.

“మొగిలీ! నా మోటర్ల ఏం తీగ చుట్టినవు?”

“రాగితీగ అక్కా. మొదలు ఏ సైజున్నదో గదే.”

“గట్లయితే లింగంపల్లిల అమ్మిన రాగి ఎవలది?”

మొగిలి చేతిలోని సుత్తి కింద పెట్టాడు. “అది కాలింది. మీ అందరి మోటర్లల్లది. నేను దాచి అమ్మలే. పట్టపగలు అమ్మిన.”

“ఆడమనిషి, మొగదిక్కు లేదు, ఏం చుట్టినా తెల్వదనుకున్నవా? నా పంట నోట్ల మన్ను కొట్టినవు గదరా!”

కూర్చున్నవాళ్ళు గ్లాసులు కింద పెట్టి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో ఒకడి మోటరు దుకాణంలో విప్పి ఉంది. వాడు మెల్లగా లేచి దాని దగ్గరకు వెళ్ళి వంగి తీగను చూశాడు.

మొగిలి మొహం నల్లబడింది. “ఎవరిని తోల్కొస్తవో తోల్కరా అక్కా. ఏ పరీక్ష పెట్టుకుంటవో పెట్టుకో. తీగ తప్పయితే ఈ దుకాణం మూసేస్త,” అన్నాడు.

ఎవరిని తీసుకురావాలి? కరెంటాఫీసు వాళ్ళను నమ్మదు. పట్నంలో ఇంకో వైండింగు అతన్ని పిలిస్తే, వాడూ వీడూ ఒకే పనివాళ్ళు, ఒకరినొకరు కాపాడుకుంటారు. ఆలోచించగా ఆలోచించగా జయలక్ష్మి గుర్తొచ్చింది.

జయలక్ష్మి తెనాలి వైపు మనిషి. లింగంపల్లి బడిలో సైన్సు చెప్పేది. భర్త సర్కారు కొలువులో ఉన్నాడు. బుచ్చమ్మ రోజూ వాళ్ళింట్లో పాలు పోస్తుంది. ఆంధ్ర, తెలంగాణ గొడవలు అప్పుడప్పుడే సద్దుమణిగిన రోజులు. ఊళ్ళో చాలామంది అటువైపు వాళ్ళతో అవసరానికి మించి మాట్లాడేవాళ్ళు కాదు. బుచ్చమ్మ కూడా ఆ ఇంటి గడప దాటి లోపలికి వెళ్ళిందిలేదు. కానీ ఇప్పుడు అదే మేలనిపించింది. ఈమెకు ఇక్కడ చుట్టం లేడు, పక్కం లేడు. ఎవరి కొమ్ము కాస్తుంది?

విషయమంతా విని జయలక్ష్మి చెప్పింది.

“తీగ మంచిదో కాదో విప్పకుండానే తెలుసుకోవచ్చు బుచ్చమ్మా. తీగ కరెంటును ఎంత అడ్డుకుంటుందో కొలవాలి. దాన్నే నిరోధం అంటాం, ఓముల్లో చెబుతాం. సన్నతీగైతే ఎక్కువ అడ్డుకుంటుంది, లావు తీగైతే తక్కువ. అల్యూమినియం అయితే రాగికంటే ఎక్కువ. కాకపోతే నేను ఇంతవరకూ బడిలో చిన్న తీగచుట్టలే కొలిచాను, మోటరును కొలవలేదు. చూద్దాం.”

ఆదివారం ఆమె బడినుంచి అడిగి తెచ్చిన సామానుతో బావి దగ్గరకు వచ్చింది. రెండేసి ఓల్టుల బ్యాటరీలు మూడు, రెండు మీటర్లు, నాలుగు తీగ ముక్కలు. మొగిలి అప్పటికే వచ్చి దూరంగా వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. దండం పెట్టాడు గానీ దగ్గరికి రాలేదు.

“రండి, మీరే విప్పాలి తీగలు. లైను కరెంటు పూర్తిగా తీసేశారా?” అంది జయలక్ష్మి.

“ఫీజులు పీకి జేబుల పెట్టుకున్న అమ్మా,” అన్నాడు మొగిలి.

జయలక్ష్మి బ్యాటరీలు వరుసగా కలిపి, మోటరు రెండు కొసలకు తగిలించింది. ఒక మీటరు ముల్లు ఆరు దగ్గర నిలిచింది. రెండోది రెండు దగ్గర.

“ఇది నెట్టే బలం, ఆరు ఓల్టులు. ఇది పారే కరెంటు, రెండు ఆంపియర్లు. ఆరుని రెండుతో భాగిస్తే మూడు. మీ మోటరు తీగ నిరోధం మూడు ఓములు.”

మిగిలిన కొసలు కూడా మార్చి మార్చి చూసింది. అన్నీ అంతే.

“మూడంటె మంచిదా, చెడ్డదా?” అంది బుచ్చమ్మ.

“ఒక్క కొలతతో ఎలా చెబుతాను? ఎవరూ విప్పని మోటరు, ఇదే కంపెనీది, ఇంతే సైజుది ఉంటే దాంతో పోల్చి చూడాలి.”

అలాంటిది సీతారామయ్య ద్రాక్షతోటలో ఉంది, మూడు చేల అవతల. ముగ్గురూ సామాను మోసుకుని వెళ్ళారు. సీతారామయ్య పెద్దాయన, కోస్తా నుంచి వచ్చి తోట వేసుకున్నవాడు. కళ్ళద్దాలు సవరించుకుంటూ వచ్చి నిలబడ్డాడు. అక్కడా ముల్లు ఆరు, రెండు దగ్గరే ఆగింది. వెంట్రుకవాసి తేడా.

బుచ్చమ్మ మీటరు మీదికి వంగింది. తర్వాత జయలక్ష్మి ముఖం చూసింది, తర్వాత మొగిలిని చూసింది. ఈ ముల్లు ఎక్కడ పెట్టినా అక్కడే ఆగేదైతే?

“టీచరమ్మా, తప్పనుకోకు. తీగ చెడ్డదైతే ఈ ముల్లు మారుతదని నాకెట్ల తెల్వాలె?”

జయలక్ష్మికి కోపం వస్తుందనుకుంది. ఆమె నవ్వింది. “మా తొమ్మిదో తరగతిలో ఒక్కరూ ఈ మాట అడగలేదు. మొగిలిగారూ, సన్నతీగ చుట్టిన మోటరేదైనా ఉందా?”

మొగిలి సైకిలెక్కి దుకాణానికి పోయి, ఒకే గుర్రం బలమున్న ఎవరిదో చిన్న మోటరు, సన్నతీగది, వెనక కట్టుకుని వచ్చాడు. దానికి తగిలిస్తే కరెంటు ముల్లు సగానికి కూడా లేవలేదు. బుచ్చమ్మ తన చేత్తో తీగ తీసి మళ్ళీ పెట్టించింది. మళ్ళీ తన మోటరు దగ్గరకు తీసుకువచ్చి పెట్టించింది. రెండు. కచ్చితంగా రెండు.

“తీగ మంచిదే,” అంది జయలక్ష్మి.

బుచ్చమ్మకు సంతోషం కలగలేదు. పట్టుకున్న దొంగ చేతిలోంచి జారిపోయినట్టయింది. “మరెందుకు కాలుతున్నది?” అంది గట్టిగా.

“మొదటి దినం నుంచి చెప్తనే ఉన్న,” అన్నాడు మొగిలి. అతను సంచిలోంచి తన పెద్ద మీటర్లు తీశాడు, లైను కరెంటు చూసేవి. వాటిని బిగించి ఫ్యూజులు పెట్టి మోటరు వేశాడు. బావిలోంచి నీళ్ళు దూకాయి.

మోటరు మీది రేకు మీద నాలుగు వందల ఓల్టులు, ఏడు ఆంపియర్లు అని ఉంది. మొగిలి మీటరు మూడు వందలు చూపిస్తోంది. కరెంటు తొమ్మిదిన్నర.

జయలక్ష్మి చాక్‌పీసు తీసి కొట్టు గోడ మీద రాసింది. “ఓల్టులను ఆంపియర్లతో గుణిస్తే పవరు వస్తుంది. నాలుగు వందలను ఏడుతో గుణిస్తే రెండువేల ఎనిమిది వందలు. మూడు వందలను తొమ్మిదిన్నరతో గుణించినా దాదాపు అంతే. మూడు తీగల కరెంటుకు ఇంకా కొంచెం లెక్క ఉంది గానీ, రెండువైపులా ఒకేలా ఉంటుంది, వదిలేద్దాం. అర్థమైందా? నీళ్ళు తోడే పని తగ్గలేదు. ఓల్టేజీ పడిపోయింది కాబట్టి మోటరు ఎక్కువ కరెంటు లాక్కుని అదే పని చేస్తోంది.”

“లాక్కుంటె ఏమైతది?”

“తీగ వేడెక్కుతుంది. ఆ వేడి లెక్క వేరు. కరెంటును దానితోనే గుణించి, ఆపైన నిరోధంతో గుణించాలి. ఏడు ఏడులు నలభై తొమ్మిది. తొమ్మిదిన్నర తొమ్మిదిన్నరలు తొంభై. తీగ అదే, వేడి మాత్రం రెండింతలకు దగ్గర. ఎంత మంచి రాగైనా ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది?”

లెక్క మొత్తం బుచ్చమ్మకు ఎక్కలేదు. కానీ మోటరు మీద చెయ్యి నిలవని సంగతి ఆమెకు తెలుసు. సరిపోయింది.

“ఓల్టేజీ ఎవలు తింటుండ్రు మరి?”

అంతలో గుట్ట వైపునుంచి పొద్దుటినుంచీ వస్తున్న దడదడ చప్పుడు ఆగిపోయింది. అక్కడ నర్సింహ అనే కాంట్రాక్టరు రాళ్ళు పగలగొట్టే కంకర మిషను నడిపిస్తున్నాడు, ఆదివారాలు కూడా. కూలివాళ్ళకు అన్నం వేళయింది.

మీటరు ముల్లు కదిలింది. మూడు వందల నలభై. మూడు వందల ఎనభై. రెండో ముల్లు తొమ్మిదిన్నర నుంచి దిగుతూ ఏడు దాటి కొంచెం మీద ఆగింది. ముగ్గురూ గుట్ట వైపు చూశారు. ట్రాన్స్‌ఫార్మరు గుట్టకు అవతల ఉంది. అక్కడినుంచి వచ్చే లైను మొదట కంకర మిషనుకు పోయి, అందరి చేలూ తిరిగి, చివర బుచ్చమ్మ బావికి వస్తుంది.

బుచ్చమ్మ కొట్టు గడప మీద కూర్చుండిపోయింది. కంకర మిషను వచ్చింది మొన్న చలికాలంలో. అది నిలబడ్డ స్థలం పెంటయ్యది. రాళ్ళ భూమి కిరాయికి ఇచ్చి, అక్కడే కూలివాళ్ళను చూసుకునే పనిలో కుదిరాడు. మొగిలి మీద చెప్పింది అతనే. నేనన్ననని అనకు అన్నదీ అతనే. ఇంకో మాట కూడా జ్ఞాపకం వచ్చింది. మోటరు మొదటిసారి కాలక ముందే ఒకరోజు అన్నాడు: “పొద్దుగాల్నే పెట్టుకో వదినా మోటరు, పగటిపూట ఎందుకు?”

పొద్దుగాల అంటే మిషను మొదలు కాకముందు.

ఆ రోజు పెంటయ్య అన్నానికి వచ్చేసరికి బుచ్చమ్మ వడ్డించి ఎదురుగా కూర్చుంది.

“నీ మిషను నడిస్తె నా మోటరు కాలుతదని నీకు ఎర్కనా?”

పెంటయ్య చేతిలో ముద్ద ఆగింది. “ఏంది వదినా గట్లంటవు? కరెంటు సంగతి నాకేం తెలుసు?”

“పొద్దుగాల్నే పెట్టుకొమ్మని ఎందుకు చెప్పినవు?”

“ఎండల పారిస్తె నీళ్ళు ఆవిరైతయని చెప్పిన. అందరు చెప్పేదే గద!”

“మొగిలి మీద ఎందుకు చెప్పినవు?”

“రాగి అమ్మింది అబద్ధమా? చూసిందే చెప్పిన. దేవుని కసం.”

రాగి అమ్మింది అబద్ధం కాదు. నీళ్ళు ఆవిరవుతాయన్నదీ అబద్ధం కాదు. బుచ్చమ్మ అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. చిన్నప్పుడు తను ఎత్తుకుని తిప్పిన మరిది. ఆ ముఖంలో భయం ఉంది. తప్పు చేసినందుకో, చేయని తప్పు మీద పడుతున్నందుకో తెలియలేదు. మొగిలి చూపు తిప్పుకున్నప్పుడు తను ఏమనుకుందో గుర్తొచ్చి ఇంకేమీ అడగలేకపోయింది.

మర్నాడు ఆమె మొగిలి దుకాణానికి వెళ్ళింది. ముందు ఎక్కడ నిలబడి అరిచిందో అక్కడే నిలబడింది. చాయ తాగేవాళ్ళు ఈసారి ఇద్దరే ఉన్నారు. వాళ్ళు చాలరనిపించి, పోయే ఎడ్లబండిని కూడా ఆపింది.

“మొగిలి తీగ మంచిదే. మీటరు పెట్టి చూపించిండ్రు. నేనే తప్పు మాటన్న. ఇగ ఎవలన్న మొగిలి మీద ఏమన్నంటే నన్నడగాలె.”

మొగిలి తల ఎత్తలేదు. “ఇప్పుడంటే ఏం ఫాయిదా అక్కా? విప్పిన మోటరు గట్లనే ఎత్తుకపోయిండ్రు,” అన్నాడు. కిష్టమ్మ మాత్రం లోపలినుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. బుచ్చమ్మ ముఖంలోకి చూసి మళ్ళీ లోపలికి పోయింది.

మోటరు తీసుకుపోయినవాడు మళ్ళీ రాలేదు. మిగిలినవాళ్ళు మెల్లమెల్లగా వచ్చారు. అప్పటినుంచి మొగిలి ఎవరి కాలిన తీగ వాళ్ళకే మూటగట్టి ఇచ్చేవాడు. వద్దన్నా ఇచ్చేవాడు.

జయలక్ష్మి లెక్కంతా రాసిచ్చిన అర్జీ పట్టుకుని బుచ్చమ్మ, సీతారామయ్య కరెంటాఫీసుకు తిరిగారు. సీతారామయ్య తోట మూడు చేల అవతలే అయినా, చేలన్నీ చుట్టి వచ్చే ఆ లైనుకు మొదట్లో ఉండడంతో అతని మోటరుకు పెద్ద నష్టం లేదు. అయినా వచ్చాడు. ఎందుకు వస్తున్నాడా అని బుచ్చమ్మ దారి పొడవునా ఆలోచించింది. వానాకాలం పోయాక కంకర మిషనుకు వేరే ట్రాన్స్‌ఫార్మరు పడింది. అంతవరకూ ఆమె మిషను మొదలుకాకముందూ, అన్నం వేళా మాత్రమే నీళ్ళు పారించింది. టమాటా సగం పోయింది, వంగ నిలిచింది.

స్టార్టరు పక్కన ఓల్టులు చూసే మీటరు ఒకటి బిగించమని మొగిలిని ఆమే అడిగింది. అక్షరం రాని మనిషి ఆ పలక మీది అంకెలు నేర్చుకుంది. ముల్లు మూడు వందల అరవై దాటితేనే మోటరు వేసేది. చుట్టుపక్కల చేలవాళ్ళు గట్టు మీదినుంచి కేకేసి అడిగేవాళ్ళు: “బుచ్చమ్మా, ఇయ్యాల ఎంతున్నది?”

జయలక్ష్మి ఇంట్లో పాలు పోసి, అప్పుడప్పుడూ లోపలికి వెళ్ళి కూర్చునేది.

పెంటయ్య కొన్నాళ్ళు అన్నానికి రాలేదు. తర్వాత వచ్చాడు. బుచ్చమ్మ ఎప్పటిలాగే పీట వేసి వడ్డించింది. అతను గుట్ట సంగతులు ఏవో చెబుతుంటే ఊ కొడుతూ విన్నది. చేయి కడుక్కుని అతను వెళ్ళిపోతుంటే వాకిట్లో నిలబడి, దారి మలుపు తిరిగేదాకా అతని వీపు వైపు చూస్తూనే ఉంది.